'ఖుబూల్' మిస్ కాకుండా... లైవ్‌లో మాక్రో బటన్ల సంగతి

ఇక్కడ షాదీఖానాలో చెల్లెలి నికాహ్. జిద్దాలో ఉన్న భాయ్ డ్యూటీ మధ్యలో ఫోన్ పట్టుకుని లైవ్ చూస్తుంటాడు. అక్కడి టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఖాజీ సాబ్ అడగడం, దూల్హా 'ఖుబూల్ హై' అనడం... అంతా కొన్ని సెకన్ల పని. సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద ఖాళీ కుర్చీలు కనిపిస్తే?

వీడియో అబ్బాయిని తిట్టి లాభం లేదు. మూడు కెమెరాలు, రెండు మైకులు, పేర్ల టైటిల్ అన్నీ ఒక్కడే మౌస్‌తో నడుపుతుంటాడు. చేతులు రెండే కదా!

ఈ తిప్పలు తగ్గించేదే మాక్రో. వరుసగా చేయాల్సిన పనుల్ని ముందే రికార్డు చేసి, ఒక్క బటన్‌కి అప్పగించడం అన్నమాట. 'ఖుబూల్' బటన్ నొక్కగానే దూల్హా దగ్గరి కెమెరా లైవ్‌లోకి వస్తుంది, ఖాజీ సాబ్ మైకు తెరుచుకుంటుంది, పేర్లు ఐదు సెకన్లు కనిపించి పోతాయి.

2019లో వచ్చిన ఏటెమ్ మినీ లాంటి చిన్న స్విచర్‌లోనూ మాక్రోలు దాచుకోవచ్చు. కానీ ఆ డబ్బా మీద మాక్రోకి వేరే బటన్ లేదు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచి క్లిక్ చేయాలి. అంటే మళ్లీ మౌసే! అందుకే బయటి కంట్రోలర్ కావాలి. ఎక్కువమంది వాడేది స్ట్రీమ్ డెక్. మామూలు మోడల్‌కి 15 బటన్లు, ప్రతి బటన్ ఒక చిన్న తెర. 'ఖుబూల్', 'దువా', 'స్టేజీ' అని ఎలా కావాలంటే అలా పేర్లు పెట్టుకోవచ్చు. దాన్ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్ వైరుతో స్విచర్‌కి కలుపుతారు. మధ్యలో కంపానియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కుడుని స్విచర్‌కి అర్థమయ్యే ఆదేశంగా మారుస్తుంది. ఓబీఎస్ వాడేవాళ్లకీ ఇదే దారి. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి అందుకు కావాల్సిన ఏర్పాటు అందులోనే ఉంది. వీమిక్స్ అయితే పాటలవాళ్లు వాడే మిడి ప్యాడ్‌ని కూడా నేరుగా ఒప్పుకుంటుంది.

అసలు చిక్కు రికార్డింగ్‌లో ఉంది. ఏటెమ్ మాక్రో మీరు చేసిన పనుల్నే గుర్తుపెట్టుకుంటుంది, మధ్యలో మీరు ఆగిన టైంని కాదు. టైటిల్ వేసి, ఐదు సెకన్లు ఆగి తీసేశారనుకోండి. మాక్రో నడిపితే టైటిల్ అలా మెరిసి మాయమవుతుంది. మధ్యలో 'పాజ్' అని విడిగా చేర్చాల్సిందే. ఇంకోటి, మీరు మార్చిన సెట్టింగే రికార్డవుతుంది. మైకు అప్పటికే తెరిచి ఉంటే 'మైకు తెరువు' అన్న మాట మాక్రోలో ఉండదు. రేపు ఆ మైకు మూసి ఉన్నప్పుడు బటన్ నొక్కితే బొమ్మ వస్తుంది, గొంతు రాదు. కాబట్టి రికార్డింగ్ మొదలుపెట్టాక మైకుని ఒకసారి మూసి, మళ్లీ తెరవాలి.

పరీక్ష కూడా అలాగే చేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు నొక్కి 'బాగుంది' అనుకుంటే చాలదు. కావాలని మైకులు మూసి, తప్పు కెమెరా పెట్టి, అప్పుడు నొక్కి చూడాలి. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోతే స్ట్రీమ్ డెక్ బటన్లు పని చేయవు. అలాంటప్పుడు స్విచర్ మీది సొంత బటన్లతో కెమెరా మార్చడం చేతికి అలవాటై ఉండాలి.

బటన్లు ఎక్కువయ్యే కొద్దీ తప్పు వేలు పడే భయమూ ఉంటుంది. లైవ్‌లో ఎప్పుడైనా అవసరం పడొచ్చు కాబట్టి ఒక మూల బటన్‌ని 'పరదా'కి ఉంచుకోవడం మంచిది. నొక్కితే పువ్వుల బొమ్మో, దావత్ కార్డో తెర మీదికి వచ్చి సౌండ్ ఆగిపోవాలి. ఆడవాళ్ల వైపు కెమెరా లైవ్‌లో వద్దని ఇంటివాళ్లు చెబితే మాత్రం బటన్ మీద ఆధారపడొద్దు. ఆ కెమెరా వైరుని స్విచర్‌కి అసలు తగిలించకుండా, నేరుగా ఆడవాళ్ల హాల్లో టీవీకే ఇవ్వాలి. అప్పుడు ఏ బటన్ నొక్కినా ఆ బొమ్మ జిద్దాకి పోదు.