పాటయు బొమ్మయు – వైద్యమునకు తోడు

కోదాడ, సూర్యాపేట ప్రాంతములవారికి నడిగూడెము పరిచితమైన గ్రామము. ఒకప్పుడు మునగాల సంస్థానమునకు కేంద్రమైన ఈ గ్రామమున రాజా నాయని వేంకట రంగారావుగారి కోట గలదు. ఆ సంస్థానమునకు దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు 1906వ సంవత్సరమున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిన ప్రముఖులలో నొకరు. శాస్త్రవిషయములను తెలుగున సామాన్యులకు అందజేయుట ఆ మండలి ఆశయములలో ముఖ్యమైనది. వినిన ప్రతి మాటను నమ్మక, వినకయే త్రోసివేయక, పరీక్షించి గ్రహించుట శాస్త్రమార్గము. నేడు తరచుగా వినవచ్చు "సంగీత చికిత్స", "చిత్రకళా చికిత్స" అను మాటలను మనము ఆ మార్గముననే పరిశీలింపవలసి యున్నది.

ఈ విషయమున పల్లెలలో రెండు విధములైన అభిప్రాయములు కలవు. "ఫలానా రాగము వినినచో ఫలానా రోగము మాయమగును" అని కొందరందురు. "పాటకును రోగమునకును సంబంధమేమి?" అని మరికొందరు నవ్వుదురు. ఈ రెండును సరికావు. సత్యము నడుమ నున్నది.

చికిత్స యనగా నేమి?

పాటవలన కలుగు మేలు పల్లెవాసులకు క్రొత్త కాదు. నాట్లు వేయు స్త్రీలకు పాట శ్రమను మరపించును. జోలపాటకు పసిబిడ్డ కన్ను మూయును. కోలాటము, చెక్క భజన, బతుకమ్మ ఆట పదిమందిని ఒకచోట చేర్చును. వాకిట ముగ్గు వేయు ఇల్లాలికి ఆ కొద్దిసేపు మనస్సు కుదుటబడును. ఇవి యన్నియు మంచివే. కాని వీనిని చికిత్స యనరాదు. శిక్షణ పొందిన వ్యక్తి, రోగి స్థితిని వైద్యునివలన తెలిసికొని, ఒక నిశ్చితమైన ప్రయోజనము కొరకు, క్రమము తప్పక పాటను గాని చిత్రలేఖనమును గాని వినియోగించి, కలిగిన మార్పును ఎప్పటికప్పుడు గమనించినప్పుడే అది చికిత్స యగును.

ఈ ఆలోచన మన దేశమునకు పాతదే. చరక సంహిత సూత్రస్థానము 15వ అధ్యాయమున, చికిత్సకు ముందుగా సమకూర్చుకొనవలసిన వానిని చెప్పుచు, మంచి గృహము, ఔషధములు, పరిచారకులతోపాటు పాడుటలోను, వాద్యములు వాయించుటలోను, కథలు చెప్పుటలోను నేర్పరులైన వారిని కూడ పేర్కొనిరి. ఇక్కడ గమనింపదగిన దొకటి గలదు. గాయకుని వైద్యునికి తోడుగా నుంచిరే గాని, వైద్యుని స్థానమున కూర్చుండబెట్టలేదు.

ఆధునిక కాలమున ఇది రెండవ ప్రపంచ యుద్ధ సమయమున శాస్త్రరూపము దాల్చసాగెను. ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయరోగియై ఆరోగ్యశాలలో నున్నప్పుడు బొమ్మలు గీయుటవలన తనకు కలిగిన ఊరటను గుర్తించి, తోటి రోగులకు కూడ దానిని నేర్పెను. "చిత్రకళా చికిత్స" అను పేరు 1942 ప్రాంతమున ఆయన వలననే వాడుకలోనికి వచ్చెను. అమెరికాలో 1944వ సంవత్సరమున మిచిగన్ రాష్ట్ర కళాశాల సంగీత చికిత్సయందు విద్యాబోధన ప్రారంభించెను. 1950లో ఆ వృత్తివారికి జాతీయ సంఘ మేర్పడెను. మన దక్షిణ దేశమున వయొలిన్ విద్వాంసులు కున్నక్కుడి వైద్యనాథన్ చెన్నైలో రాగ పరిశోధన కేంద్రమును స్థాపించిరి. కోనసీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కూడ సంగీత చికిత్స యెడల విశేషమైన ఆసక్తి చూపిరి. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో, సంగీతము మెదడుపై చూపు ప్రభావమును గూర్చి పరిశోధనలు జరుగుచున్నవి.

పరిశోధనలు తెలిపిన దేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019వ సంవత్సరమున ప్రకటించిన నివేదికలో, కళలకును ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చిన 3,000కు పైగా పరిశోధనలను దృష్టిలో నుంచుకొని, కళలు ఆరోగ్యమునకు సహాయపడగలవని నిర్ణయించిరి.

పక్షవాతమువలన మాట పడిపోయిన కొందరు, మాటలాడలేకపోయినను తమకు తెలిసిన పాటను పాడగలుగుదురు. మాటకు ముఖ్యముగా మెదడు ఎడమ భాగము ఆధారము. పాడునప్పుడు కుడి భాగము కూడ పనిచేయును. దీనిని ఆధారము చేసికొని, 1973లో అమెరికాలోని బోస్టను వైద్యులు, రాగయుక్తముగా పలికించి క్రమముగా మాట నేర్పు పద్ధతిని ప్రకటించిరి. ఇది అందరికిని ఫలింపదు. కొందరికి మేలు చేయును. పార్కిన్సన్ వ్యాధివలన అడుగు తడబడు వారికి, ఒకే లయలో వినిపించు తాళము నడకను సరిచేయుటకు తోడ్పడును. శస్త్రచికిత్సకు ముందు రోగికి కలుగు ఆందోళనను సంగీతము తగ్గింపగలదు. మనోవ్యాకులత గలవారి విషయమై కాక్రేన్ సంస్థవారు 2017లో 9 పరిశోధనలను, వానిలోని 421 మందిని పరిశీలించి, మామూలు వైద్యమునకు సంగీత చికిత్సను జోడించినచో కొద్దికాలము వరకు అధికమైన మేలు కలుగునని తెలిపిరి. "జోడించినచో" అనుమాట ముఖ్యము.

ఫలింపని ప్రయత్నములును కలవు. తీవ్రమైన మానసిక వ్యాధియగు స్కిజోఫ్రీనియా గల 417 మందిపై బ్రిటనులో జరిపిన పరిశోధన ఫలితములు 2012లో వెలువడెను. బృందములుగా కూర్చుండబెట్టి జరిపిన చిత్రకళా చికిత్సవలన వారికి అదనపు ప్రయోజనమేమియు కనబడలేదు. బొమ్మను చూచినంత మాత్రమున రోగమును నిర్ణయించుటయు తగదు. అట్లే ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క రాగమని చెప్పు పట్టికలకు తగిన ఋజువులు లేవు. రోగికి ఇష్టమైన, పరిచితమైన పాటయే సాధారణముగా మేలు. నడిగూడెము ముదుసలికి ఆతడు చిన్ననాట వినిన ఒగ్గు కథ కలిగించు ఉల్లాసమును ఏ గొప్ప కచేరియు కలిగింపలేకపోవచ్చును.

పొరబడినచో కలుగు హాని

ఈ భేదమును తెలిసికొనుట ఏల అవసరము? పక్షవాతము వచ్చినప్పుడు, రక్తపు గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెను. ఆ సమయమున పాటలు వినిపించుచు కూర్చుండుట రోగికి ద్రోహము. వెంటనే 108కి చెప్పి వైద్యశాలకు చేర్పవలెను. పాట యొక్క వంతు అటుపిమ్మట వచ్చును.

మానసిక వ్యాధి విషయమున ప్రమాదము మరింత పెద్దది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001వ సంవత్సరము ఆగస్టు 6న, సంకెళ్లతో కట్టివేయబడియున్న 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదమున ప్రాణములు కోల్పోయిరి. వైద్యమునకు మారుగా నమ్మకముపైననే ఆధారపడి కుటుంబములు వారిని అక్కడ విడిచియుండెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

పంచాయితీ చేయదగిన పనులు

శిక్షణ పొందిన సంగీత చికిత్సకులు ప్రతి పల్లెకును లభింపరు. అయినను పంచాయితీ సభ్యులు చేయదగిన పనులు కలవు.

1. ఎవరైనను చాలకాలముగా నిద్రలేక, తిండి మాని, పదిమందిలో కలియక యున్నచో, ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగున సమాధానము లభించును.

2. వైద్యుని అనుమతి లేనిదే మందులు మానరాదని కుటుంబమునకు నచ్చజెప్పవలెను.

3. వారమున కొకనాడు భజన, కోలాటము లేక పాటల కూడిక జరుపుట మంచిది. వృద్ధులు, వికలాంగులు, ఒంటరివారు రాగల చోటును, వేళను ఎన్నుకొనవలెను. ఎవరిని కులము పేరిట గాని, రోగము పేరిట గాని దూరముంచరాదు.

4. అంగన్‌వాడీలోను, పాఠశాలలోను పిల్లలకు కాగితము, రంగులు ఇచ్చి తమ ఇష్టము వచ్చినట్లు గీయనీయవలెను. ఇక్కడ బహుమతి ముఖ్యము కాదు.

5. రోగికి మేలుచేయు పాటయే హద్దు మీరిన ధ్వనితో హాని చేయును. 2000 సంవత్సరపు శబ్ద నియమముల ప్రకారము, ప్రత్యేకముగా అనుమతించిన దినములలో తప్ప, రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకములు వాడరాదు.

6. రాగముతో గాని, బొమ్మతో గాని రోగమును సమూలముగా నయము చేసెదమని సొమ్ము కోరువారి విషయమున గ్రామస్థులను హెచ్చరింపవలెను.

ఒక ఉదాహరణ చూతము. భజన బృందమున మృదంగము వాయించు ఒక రైతు మానసిక వ్యాధికి లోనయ్యెననుకొందము. వైద్యశాలలో చికిత్స పొంది, మందులు వాడుచు ఇంటికి వచ్చెను. బృందమువారు ఆతనిని చూచి ప్రక్కకు తొలగినచో, మందు చేసిన మేలు సగమగును. "రావయ్యా, నీ మృదంగము నీకొరకే యున్నది" అని పిలిచినచో ఆతడు మరల మనుష్యులలో ఒకడగును. మందు వైద్యుడిచ్చును. ఆ పిలుపు మాత్రము గ్రామమే ఇయ్యవలెను. దానికి నిధులు అక్కరలేదు, తీర్మానమును అక్కరలేదు. పంచాయితీ సభ్యుడు ముందుగా తానే వెళ్లి ఆతని ప్రక్కన కూర్చుండిన చాలును.