‘ఇదంతా మామూలే’ అంటే వైద్యం అయిపోయినట్టేనా?

సికిందరాబాదు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆనవాలు పట్టే వివరాలు తీసివేసి, సారాంశం చెబుతాను. ఎందుకంటే ఇటువంటి ఉత్తరం రాయగల స్త్రీలు ప్రతి వీధిలోనూ వున్నారు. రాసేవారే తక్కువ.

ఆమెకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పదేళ్ళ కిందట కుటుంబ నియంత్రణ ఆపరేషను అయింది. రెండేళ్ళుగా ముట్టు తొమ్మిది రోజులుంటోంది. మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా పోతుంది. ముట్టుకు వారం ముందునుంచే నడుము, పొత్తికడుపు లాగేస్తాయి. మెట్లెక్కితే ఆయాసం. ఏడాదిగా ఒక ఆస్పత్రికి తిరుగుతున్నారు. వెళ్ళినప్పుడల్లా కొత్త డాక్టరు, పాత మందులు. ఒకరు ‘స్కానింగులో ఏమీ లేదు, ఇదంతా మామూలే’ అన్నారట. ఇంకొకరు ‘ఇద్దర్ని కన్నావు, ఈ మాత్రం ఓర్చుకోలేవా?’ అన్నారట. కిందటి నెలలో మరొకరు ‘అంత బాధగా వుంటే గర్భసంచి తీయించుకో’ అన్నారట. ‘డాక్టరుగారూ, నాది నిజంగా జబ్బేనా, లేక నా భ్రమా? తీయించేసుకోమంటారా?’ అని ఆమె ప్రశ్న.

అమ్మా, భ్రమ కాదు. ముట్టు ఎనిమిది రోజులు దాటినా, గుడ్డ గాని పాడ్ గాని గంటకొకటి చొప్పున వరసగా రెండు మూడు గంటలు తడిసిపోయినా, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడినా, రాత్రి నిద్రలేచి మార్చుకోవలసి వచ్చినా అది అధిక రక్తస్రావమే. దానికి కారణం వెతకాలి. అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య 2011లో ఈ కారణాలను తొమ్మిది తరగతులుగా విభజించింది. గర్భసంచి లోపల పిలకలు, గోడలోకి చొచ్చుకుపోయిన లోపొర, ఫైబ్రాయిడ్ గడ్డలు, కాన్సరు, రక్తం గడ్డకట్టకపోవటం, అండం విడుదల సరిగా కాకపోవటం, వాడుతున్న మందులు, ఇలా వున్నాయి అందులో. ‘మామూలే’ అనే తరగతి మాత్రం లేదు.

‘స్కానింగులో ఏమీ లేదు’ అన్న మాటకూ అర్థం తెలుసుకోవాలి. గర్భసంచి లోపొరను పోలిన పొర బయట, అండాశయాల దగ్గర, పేగుల మీద పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు చాలాసార్లు మామూలు స్కానింగుకు దొరకదు. సంతానయోగ్యమైన వయసులో వున్న స్త్రీలలో నూటికి సుమారు పది మందికి ఇది వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జబ్బు మొదలైన తర్వాత దాని పేరు బయటపడటానికి నాలుగు నుంచి పన్నెండేళ్ళు పడుతోందట. అన్నేళ్ళూ ఆ స్త్రీ ‘మామూలే’ అనే మాట వింటూ వుంటుందన్నమాట! స్కానింగులో కనిపించనిది నొప్పికి కారణం మాత్రమే. నొప్పి లేదని ఏ స్కానింగూ చెప్పదు.

నేనూ సర్కారు డాక్టరునే. ఓ.పి. రద్దీ ఎలా వుంటుందో నాకు తెలుసు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దక్కితే గొప్ప. నెల తర్వాత వస్తే అదే డాక్టరు వుంటాడన్న నమ్మకం లేదు. ఇది కారణమే గాని సమర్థన కాదు. ‘ఓర్చుకోలేవా’ అనటానికి పట్టే సమయంలోనే ‘రోజుకు ఎన్ని మారుస్తున్నావమ్మా’ అని అడగవచ్చు. మన స్త్రీలకూ ఒక అలవాటుంది. వరుసలో పక్కన కూర్చున్న ఆమెతో అరగంట చెప్పిన బాధను లోపలికి రాగానే ‘కాస్త నీరసంగా వుంటుందండీ’ అని ముగిస్తారు. మగ డాక్టరైతే అదీ చెప్పరు.

అందుచేత ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. ముట్టు వచ్చిన తేదీ, ఆగిన తేదీ, రోజుకు ఎన్ని మార్చారు, గడ్డలు పడ్డాయా, ఏ రోజు పనికి వెళ్ళలేకపోయారు, ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారు, దానివల్ల తగ్గిందా లేదా... మూడు నెలలు రాయండి. పాత చీటీలు, రిపోర్టులు తేదీల వరసలో ఒకే సంచిలో వుంచండి. కొత్త డాక్టరుకు ఆ బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది. ‘తొమ్మిది రోజులు, రోజుకు పది’ అని రాసి వున్నదాన్ని మామూలే అనటం కొంచెం కష్టం. వెళ్ళేటప్పుడు మీ వారినో, అక్కచెల్లెళ్ళలో ఒకరినో వెంట తీసుకువెళ్ళండి. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక స్త్రీ వుండాలని అడగటం మీ హక్కు.

తర్వాత సూటిగా అడగండి: ‘నా జబ్బు పేరేమిటి? ఈ మందు దేనికి? తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు?’ రక్తపరీక్షలో హిమోగ్లోబిను ఎంత వుందో చూడమనండి. గర్భవతి కాని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని తేలింది. మీ ఆయాసానికి అదే మూలం కావచ్చు. థైరాయిడు పరీక్ష అవసరమా అని కూడా అడగండి. వయసు నలభై అయిదు దాటినా, మందులకు లొంగకపోయినా లోపొర ముక్క తీసి పరీక్షకు పంపించాలి.

ఇక తీయించుకోవటం సంగతి. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసివేసినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది! మన ఆడవాళ్ళ గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు రావు గదా. పిల్లలు చాలనుకుని ఆపరేషను చేయించుకున్నాక ‘ఇక ఆ సంచితో పనేముంది’ అనే మాట మన ఇళ్ళల్లో వుంది, కొందరు డాక్టర్ల నోటా వుంది. నా అనుభవంలో ఇలా తీయించుకున్నవారిలో చాలామంది ముందు ఎన్నో చోట్ల విసుగు మాటలు విని విసిగిపోయినవారే. విననివాడు ఒకడైతే కోసేవాడు మరొకడు.

కాన్సరుకు, మందులకు లొంగని పెద్ద గడ్డలకు ఆ ఆపరేషను ప్రాణం నిలుపుతుంది, జీవితం బాగుచేస్తుంది. అది కాదనను. కాని ముప్పయి ఆరేళ్ళకు అది మొదటి మెట్టు కాదు. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలున్నాయి. హార్మోను మాత్రలున్నాయి. లోపల అమర్చితే అయిదేళ్ళు, అంతకంటే ఎక్కువ కాలం కూడా పనిచేసే హార్మోను లూపు వుంది. గడ్డలుంటే గడ్డల్నే తీయవచ్చు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండె జబ్బు ప్రమాదం ముందుగానే మొదలవుతాయి. అండాశయాలు వుంచినా కొందరికి ఆ స్థితి కాస్త ముందుగా రావచ్చు. అందుకే సంతకం పెట్టే ముందు ‘ఏమేమి తీస్తారు, ఎందుకు తీస్తారు?’ అని అడగాలి.

ఈ అడగటం వెనుక చట్టం కూడా వుంది. 1995లో ఢిల్లీలో ఒక అవివాహిత అధిక రక్తస్రావానికి పరీక్ష కోసం వెళితే, ఆమె మత్తులో వుండగా తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల ఆపరేషనుకు ఇచ్చినట్టు కాదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మీ కేసు కాగితాల నకళ్ళు కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఆ కాగితాలతో మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు. దానికి మొదటి డాక్టరు కోపగించుకోవలసిన పని లేదు. దురుసుగా మాట్లాడితే సూపరింటెండెంటుకు తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి. నోటిమాట గాలికి పోతుంది.

డాక్టరును మార్చదలచినా మందులు హఠాత్తుగా ఆపకండి, ముఖ్యంగా హార్మోను మాత్రలు. మధ్యలో మానేస్తే ఒక్కసారిగా రక్తస్రావం ఎక్కువై మొదటికి మోసం వస్తుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం నోటుబుక్కు, వచ్చే వారం ఓ.పి. అని చూడవద్దు. గంటకొకటి తడుస్తూ కళ్ళు తిరిగినా, ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపించినా ఆలస్యం పనికిరాదు. ముట్టు తప్పి, తర్వాత కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తూ కడుపులో ఒక పక్క నొప్పి వస్తే అదే రోజు వెళ్ళాలి. ‘నాకు ఆపరేషను అయింది గదా’ అనుకోకండి. ఆ తర్వాత గర్భం రావటం అరుదే గాని, వస్తే గొట్టంలోనే నిలిచే ప్రమాదం ఎక్కువ. అప్పుడు ఎవరేమన్నా సరే, గర్భ పరీక్ష చేయమని అడగండి.