పెరోల్ షరతు మీరినవాడికి వకీలు ఏడీ?

కోవిడ్ కాలంలో జైళ్ల రద్దీ తగ్గించేందుకు తాత్కాలికంగా విడుదల చేసిన ఖైదీలందరూ 15 రోజుల్లో తిరిగి లొంగిపోవాలని 2023 మార్చి 24న సుప్రీంకోర్టు ఆదేశించింది. అత్యవసర పరిస్థితిలో ఇచ్చిన వెసులుబాటు ఆ పరిస్థితితోపాటే ముగియడంలో తప్పుపట్టవలసింది లేదు. కానీ ఆ కబురు ఎవరికి ఏ రూపంలో చేరుతుంది? సొంత వకీలు ఉన్న ఖైదీకి అదే రోజు ఫోనులో చేరుతుంది. ఇటుకబట్టీకో, మిరప కోతలకో, పొరుగు రాష్ట్రంలో భవన నిర్మాణ పనికో వలసపోయిన ఖైదీకి అది పోలీసు రూపంలో చేరుతుంది. అప్పటికే అతడు రికార్డుల్లో 'పెరోల్ ఎగ్గొట్టినవాడు' అయిపోయి ఉంటాడు.

పెరోల్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న విషయంపై మన దగ్గర అడపాదడపా చర్చ జరుగుతూనే ఉంది. షరతు ఉల్లంఘించాడన్న ఆరోపణ వచ్చాక ఆ మనిషి తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న మాత్రం హక్కుల ఉద్యమాల ఎజెండాలో కూడా అరుదుగానే కనిపిస్తుంది. ఆ ప్రశ్నను కులాన్ని పక్కనబెట్టి అర్థం చేసుకోవడం అసాధ్యం.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. శిక్ష అమలును షరతులతో నిలిపివేసే అధికారాన్ని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 432వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 473వ సెక్షన్. షరతు నెరవేరలేదని ప్రభుత్వం అభిప్రాయపడితే చాలు, ఆ నిలిపివేత రద్దవుతుంది. మనిషి బయట ఉంటే ఏ పోలీసు అధికారి అయినా వారంటు లేకుండా పట్టుకొని, మిగిలిన శిక్ష అనుభవించడానికి పంపవచ్చు. సైకిలు దొంగతనం కేసులో సైతం అభియోగపత్రం ఉంటుంది, సాక్షిని ప్రశ్నించే అవకాశం ఉంటుంది, నిందితుడి పక్కన వకీలు ఉంటాడు. ఇక్కడ ఒక స్టేషన్ నివేదిక, జైలు కార్యాలయంలో ఒక ఫైలు, ఒక 'అభిప్రాయం' సరిపోతాయి. దాని పర్యవసానాలు మాత్రం చిన్నవి కావు. మళ్లీ పెరోల్ దొరకదు, సత్ప్రవర్తన రికార్డు పోతుంది, ముందస్తు విడుదల ఆశ సన్నగిల్లుతుంది.

షరతుల లోపలికి వెళితే కులం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిది పూచీకత్తు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడే పూచీదారు కాగలడు. మాదిగవాడలోనో ఎరుకల గుడిసెల్లోనో పాసుపుస్తకం ఎంతమందికి ఉంటుంది? కాబట్టి ఊళ్లో భూమి ఉన్న ఆసామి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకోవాలి. ఆ ఆసామి చాలాసార్లు యజమాని, కొన్నిసార్లు అవతలి కక్షి బంధువు. పెరోల్‌పై వచ్చిన మనిషి ఆయన పొలంలో కూలి అడగకుండా పనిచేయాల్సి వస్తే దాన్ని ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాయరు. ఆయనకు కోపం వచ్చి పూచీ వెనక్కి తీసుకుంటే అది ఖైదీ మెడకే చుట్టుకుంటుంది.

1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ విషయాన్నే పట్టుకున్నారు. అది బెయిలు కేసు. ఒక తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలు మంజూరు చేస్తే, కింది కోర్టు 10,000 రూపాయల పూచీ అడిగింది. అతడి తమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తోసిపుచ్చింది. బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తిపరుడైన పూచీదారును ఎక్కడినుంచి తెస్తాడని ఆ తీర్పు నిలదీసింది. అర్ధ శతాబ్దం కావస్తున్నా ఆ ప్రశ్నకు మన జైలు కార్యాలయాల్లో జవాబు లేదు.

రెండో షరతు, చెప్పిన చిరునామా దాటి పోకూడదన్నది. తిండిగింజలు ఇంట్లో ఉన్నవాడికి ఇది షరతే కాదు. భూమిలేనివాడికి మాత్రం పని ఉన్న చోటే చిరునామా. మూడోది గడువు. తల్లి జబ్బు ముదిరితే నాలుగు రోజులు ఆగుతాడు. వైద్యం చేసింది ఊళ్లోని ఆర్‌ఎంపీ. అతడు రాసిన చీటీకి విలువ లేదు. ప్రభుత్వాసుపత్రి సర్టిఫికెట్ కావాలి. గడువు పొడిగించమని పెట్టుకున్న అర్జీకి గడువులోగా జవాబు రాకపోతే ఆ జాప్యం ఎవరిది? ఇవన్నీ ఒక వకీలు పది నిమిషాల్లో చెప్పగల వాదనలు. వకీలు లేకపోతే ఇవి వాదనలు కావు, సాకులు అవుతాయి.

ఊరు దాటితే నేరమయ్యే ఈ తర్కం తెలుగు నేలకు కొత్తది కాదు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఉంచారు. కావలిలోనూ అలాంటి సెటిల్‌మెంట్ ఉండేది. హాజరు పలకాలి, బయటికి పోవాలంటే చీటీ కావాలి, చీటీ లేకుండా పొరుగూరి సంతకు వెళ్లినా నేరమే. ఏ నేరం రుజువు కాకుండానే మొత్తం సమాజాన్ని జీవితకాలం పెరోల్‌లో ఉంచడం కాదా అది? తెలుగువాడైన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసుతో ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని స్థానంలోకి రాష్ట్రాల అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962 నాటిది.

పాత ముద్ర ఎంతకాలం బతికిందో 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసు తీర్పు బయటపెట్టింది. పాత్రికేయురాలు వేసిన ఆ పిటిషన్‌పై సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల జైలు నియమాల్లోని కులవివక్షను పరిశీలించింది. కులాన్నిబట్టి పని కేటాయించే నిబంధనలను కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తొలగించమంది. 'అలవాటు నేరస్థుడు' అన్న మాటను సంచార, విముక్త జాతులపై ఇష్టానుసారం వాడరాదని, రాష్ట్ర చట్టంలోని నిర్వచనానికే పరిమితం కావాలని చెప్పింది. రిజిస్టరులో గడి చెరిపేయడం సులభం. పెరోల్ అర్జీపై, ఉల్లంఘన ఆరోపణపై నివేదిక రాసే స్టేషన్ అధికారి మనసులోని గడిని ఏ తీర్పూ నేరుగా చెరపలేదు. ఆ నివేదిక ప్రతి ఖైదీ చేతికి రావాలి, దాన్ని ప్రశ్నించే వకీలు ఉండాలి. చెరపగలిగితే ఆ పనే చెరపాలి.

ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. పెరోల్ రద్దుకు ముందు రాతపూర్వక నోటీసు, సాక్ష్యం చూపడం, చెప్పుకొనే అవకాశం, తటస్థ విచారణ, కారణాలతో కూడిన ఉత్తర్వు తప్పనిసరని అమెరికా సుప్రీంకోర్టు 1972లోనే మోరిసీ కేసులో తేల్చింది. కట్టలేని పేదరికాన్ని కట్టనన్న మొండితనంగా చూసి ప్రొబేషన్ రద్దు చేయరాదని 1983లో బేర్డెన్ కేసులో చెప్పింది. నల్లజాతివారితో జైళ్లు నింపుకున్న ఆ దేశాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. మన దగ్గరా సునీల్ బాత్రా రెండో తీర్పు, ఖైదీపై అదనపు శిక్షగా పరిణమించే జైలు చర్యలకు సెషన్స్ జడ్జి పరిశీలన ఉండాలంది. పెరోల్ రద్దుకు ఆ సూత్రం వర్తించకపోవడానికి నాకు కారణం కనిపించదు.

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును ఇస్తుంది. ఇందులో ఒక సందు ఉంది. గడువు దాటి బయట ఉన్న మనిషి 'నిర్బంధంలో' లేడు. అతడు దొమ్మరి కులస్థుడైతే మన దగ్గర బీసీ-ఏ, ఎస్టీ కాదు. వకీలు కోసం ఆదాయ ధ్రువపత్రం పట్టుకొని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాలి, పోలీసులు వెతుకుతుండగా. వకీలు అత్యవసరమయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వకీలు ద్వారా కారణం చెప్పి తనంతట లొంగిపోయినవాడికీ, బస్టాండులో పట్టుబడినవాడికీ మధ్య తేడాయే ఆ కేసు ఫలితం.

దళితులపై దాడి చేసి శిక్షపడినవారు సైతం ఈ రక్షణ వాడుకోరా అని కొందరు మిత్రులు అడుగుతారు. వాడుకుంటారు, వాడుకోనివ్వాలి. అయితే 2016 నుంచి అమల్లో ఉన్న అత్యాచారాల నిరోధక చట్టం 15ఏ సెక్షన్, నిందితుడి బెయిలు, విడుదల, పెరోల్ విచారణల్లో బాధితులు తమ మాట చెప్పుకొనే హక్కు ఇచ్చింది. బహిరంగ విచారణ ఉంటేనే ఆ హక్కుకు చోటు దొరుకుతుంది. ఫైలు మీద జరిగే నిర్ణయంలో దళిత బాధితురాలికీ చోటు లేదు, దళిత ఖైదీకీ లేదు. పలుకుబడి ఉన్నవాడికి మాత్రం విచారణతో పనిలేదు. డేరా సచ్చా సౌదా అధిపతి పదేపదే పెరోల్‌పై, ఫర్లోపై బయటికి రావడాన్ని దేశమంతా చూస్తూనే ఉంది.

కేంద్రం రూపొందించిన 2023 నమూనా జైళ్ల చట్టం, ఎలక్ట్రానిక్ నిఘా పరికరం ధరించేందుకు ఒప్పుకుంటే సెలవు ఇవ్వవచ్చంటోంది. ఉల్లంఘిస్తే సెలవు రద్దు, భవిష్యత్తులో అనర్హత. పాడేరు ఏజెన్సీ గూడెంలో సిగ్నల్ అందక, కరెంటు లేక ఆ పరికరం మూగబోతే అది ఉల్లంఘనా, కాదా? దాన్ని తేల్చే విచారణ ఉండాలని, అందులో ఖైదీ పక్కన న్యాయ సేవల సంస్థ వకీలు కూర్చోవాలని, రెండు తెలుగు రాష్ట్రాలు ఆ నమూనాను తమ చట్టంగా మార్చుకొనే రోజునే రాసుకోవాలి.