ఆకు మీద నిలవని బొట్టు

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని అందరికీ తెలుసు. వరి ఆకు మీద మందునీళ్లు నిలవవని భీమవరం రైతుకు ఇంకా బాగా తెలుసు. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకటే లెక్క... రెండు శతాబ్దాలుగా భౌతిక శాస్త్రవేత్తలతో కుస్తీ పట్టిస్తున్న లెక్క!

సార్వా వరి ఏపుగా ఎదిగిన వేళ పొద్దున్నే చేలగట్టు మీద నిలబడితే ఆకు ఆకుకీ ముత్యాలు. చూడ్డానికి ముచ్చటే. కానీ వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొట్టేవాళ్లకి అదే తలనొప్పి. ఆకు మీద పడ్డ మందు గుండ్రంగా ముడుచుకుని, దొర్లి, చేలోకి జారిపోతుంది. పెట్టిన డబ్బు అక్షరాలా నీళ్లపాలు!

అంతటితో ఆగితే ఫర్వాలేదు. భీమవరం చుట్టుపక్కల చాలాచోట్ల వరిచేనుకీ రొయ్యల చెరువుకీ మధ్య గట్టే అడ్డు. చేలో నీరు బోదెలోకి, అక్కణ్నుంచి డ్రెయిన్లోకి, మళ్లీ ఏ చెరువులోకో చేరితే? పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కోటి పాళ్ల నీటిలో ఒక్క పాలు కలిసినా రొయ్యకి ప్రాణగండమే.

ఎందుకు ముడుచుకుంటుంది?

నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆకు కూడా వాటిని తనవైపు లాగుతుంది. మొదటి లాగుడు గెలిస్తే బొట్టు బంతవుతుంది, రెండోది గెలిస్తే పల్చటి పొరై పరుచుకుంటుంది. బొట్టు అంచు ఆకును తాకేచోట ఏర్పడే కోణమే ఆ పోటీలో ఎవరిది పైచేయో చెబుతుందని 1805లో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ యంగ్ వివరించాడు. తామర, వరి ఆకుల మీద ఆ కోణం దాదాపు 150 డిగ్రీలు, ఆపైన.

ఆకు మీదున్న మైనం ఒక్కటే ఇంత పని చెయ్యలేదు. దాని మీద కంటికి కనిపించని బొడిపెలుంటాయి. బొట్టు వాటి కొసల మీద నిలబడుతుంది, సందుల్లో గాలి ఉంటుంది. అంటే బొట్టు కూర్చున్నది ఆకు మీద కాదు, గాలి పరుపు మీద! తామరాకు దుమ్ము అంటకుండా ఉండటానికీ ఈ నిర్మాణమే కారణమని 1997లో జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు బార్త్‌లాట్, నైన్‌హ్యూస్ చూపించారు. వరి ఆకులో బొడిపెలు వరసలు కట్టి ఉంటాయి. అందుకే బొట్టు ఆకు పొడవునా తేలిగ్గా జారుతుంది, అడ్డంగా అంత తేలిగ్గా కదలదు.

ఒక హద్దు ఉంది

మరి బొట్టు పొరగా మారేది ఎప్పుడు? నీరు మరిగి ఆవిరి కావడానికి ఒక వేడి ఉన్నట్టే, బొట్టు పొర కావడానికీ ఒక హద్దు ఉంటుందని 1977లో అమెరికా శాస్త్రవేత్త జాన్ కాన్ ప్రతిపాదించాడు. ఆ వేడికి ఇటువైపు బొట్టు, అటువైపు పొర.

ద్రవ హీలియాన్నే తీసుకోండి. అది తాకిన ప్రతిదాన్నీ తడిపేస్తుందని పేరు. సీసియం లోహం మాత్రం దానికి లొంగలేదు. సుమారు మైనస్ 271 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే దానిమీద హీలియం బొట్లుగానే ఉంటుందని 1990ల మొదట్లో ప్రయోగాల్లో తేలింది.

ఈ హద్దును కాగితం మీద లెక్కకట్టడానికి శాస్త్రవేత్తలు గళ్ల కాగితంలాంటి నమూనా పెట్టుకుంటారు. ఒక్కో గడిలో నీరో, ఆవిరో. రెండింటి మధ్య సరిహద్దు గీత గుంజకు కట్టిన గేదెలాంటిది. గోడ దాన్ని దగ్గరికి లాగుతుంది. వేడి దాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. వేడి పెరిగేకొద్దీ తాడు సాగి సాగి, ఒకచోట కట్టు ఊడిపోతుంది. అప్పుడు గోడను నీటిపొర కప్పేస్తుంది. 1980లో డగ్లస్ అబ్రహాం ఇలాంటి నమూనాను పూర్తిగా సాధించాడు. మార్పు కొన్నిచోట్ల ఉన్నట్టుండి వస్తుంది, కొన్నిచోట్ల మెల్లగా. హద్దు మాత్రం ఖాయం.

గుప్పెడు సబ్బుపొడి

చేను మొత్తాన్ని వేడి చెయ్యలేం కదా! అందుకే రైతు రెండో దారి పడతాడు, నీటి లాగుడునే తగ్గిస్తాడు. వేపనూనె కొట్టేటప్పుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనె, ఒక గ్రాము సబ్బుపొడి కలపమనేది అందుకే. సబ్బు నూనెను నీటిలో కలుపుతుంది, నీటి తలతన్యతనూ సగానికి పైగా తగ్గిస్తుంది. నీరు బొడిపెల సందుల్లోకి దిగుతుంది, గాలి పరుపు పోతుంది, మందు ఆకును పట్టుకుంటుంది. దుకాణాల్లో దొరికే స్ప్రెడర్లు చేసేదీ ఈ పనే.

అలాగని దండిగా కలిపితే లాభం లేదు. పొర మరీ పల్చనై మందు ఆకు కొసల నుంచి కారిపోతుంది. చేరేది మళ్లీ ఆ బోదెలోకే. పైగా సబ్బు లాంటి పదార్థాలు చేపల మొప్పలకూ చేటే. తక్కువైతే దొర్లిపోతుంది, ఎక్కువైతే కారిపోతుంది. అందుకే డబ్బా మీద రాసిన కొలతను దాటకుండా కలిపి, ముందు నాలుగు ఆకుల మీద కొట్టి చూసుకోవడం మేలు. చేనుకీ మంచిది, గట్టు అవతలి చెరువుకీ మంచిది.