పాలపిట్టకు ఇంకెంత నీలం పూస్తారు?

జీడిమెట్ల చెరువు గట్టు మీద నిలబడి ఫోన్ జూమ్ చేస్తే ఓ కొంగో, లకుముకి పిట్టో దొరుకుతుంది. ఫొటో తీయడం సెకను పని. అసలు కథ ఆ తర్వాతే! ఎడిటింగ్ యాప్‌లో శాచురేషన్ కాస్త పెంచగానే పిట్ట మెరిసిపోతుంది. ఇంకాస్త పెంచితే లైకులూ పెరగొచ్చు. మరి ఎక్కడ ఆగాలి?

ఎడిటింగే తప్పా?

కాదు. మీరు వేలు పెట్టకముందే ఫోన్ తనంతట తాను రంగులు సర్దేస్తుంది. మబ్బు పట్టిన రోజు వైట్ బ్యాలెన్స్ తేడా కొడితే తెల్ల కొంగ కూడా నీలంగా పడుతుంది. దాన్ని మళ్లీ తెల్లగా చేయడం మోసం కాదు, కంటికి కనిపించిందే తిరిగి తేవడం. రా ఫైల్ అయితే చప్పగా ఉంటుంది, కొంచెం సర్దక తప్పదు.

రంగంటే అందం ఒక్కటే కాదు

తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టనే చూడండి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు చాలావరకు గోధుమరంగే. రెక్క విప్పితేనే ఆ నీలం పూర్తిగా బయటపడుతుంది. ఒళ్లంతా నీలం పూసేస్తే అది వేరే పిట్ట అయిపోతుంది.

గుడ్డి కొంగ వీపు మామూలుగా మట్టిరంగులో ఉంటుంది, జతకట్టే కాలంలో ముదురు ఎరుపుకు తిరుగుతుంది. గేదెల వెంట తిరిగే తెల్ల కొంగకు ఆ కాలంలోనే తల, మెడ మీద నారింజ రంగు వస్తుంది. వార్మ్ ఫిల్టర్ ఒక్కటి వేస్తే చాలు, మీ ఫొటో పక్షి కాలాన్నే మార్చేస్తుంది. పక్షుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటున్నవాళ్లు దాన్నే నమ్మేస్తారు.

పోటీల్లో రూల్ ఏంటి?

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' పోటీలో టోన్, కాంట్రాస్ట్ సర్దుకోవచ్చు. ఫొటోలో లేనిది కలపకూడదు, ఉన్నది తీసేయకూడదు. చివరి రౌండ్లకు చేరితే ఒరిజినల్ ఫైల్ చూపించాల్సిందే.

నీళ్ల రంగూ సాక్ష్యమే

ఇక మన చెరువు సంగతి. ఫాక్స్ సాగర్ అని కూడా పిలిచే ఈ చెరువు నిజాం కాలం నాటిది. పక్కనే పారిశ్రామికవాడ. మురుగు, వ్యర్థాలు కలుస్తున్నాయని ఏళ్లుగా వార్తలొస్తున్నాయి. ఇలాంటి చోట పిట్ట వెనకున్న నీళ్లను నీలంగా మార్చేస్తే కాలుష్యం ఒక్క స్వైప్‌తో మాయం! గుర్రపు డెక్క పరుచుకున్న చెరువు కాస్తా ఫొటోలో పచ్చిక బయలైపోతుంది. బాగుచేయాల్సిన చెరువు బాగానే ఉందనిపిస్తుంది.

అందుకే పోస్ట్ చేసే ముందు ఒరిజినల్‌ను పక్కన పెట్టి చూడండి. ఆ రోజు మీతో పాటు గట్టు మీదున్న ఫ్రెండ్‌ "అవును, ఇలాగే ఉంది" అంటే ఓకే. సరదాకి రంగులు మార్చారా? ఆ మాట క్యాప్షన్‌లో రాసేయండి. నీళ్లు మురికిగా ఉంటే మాత్రం అలాగే ఉండనివ్వండి. చూసినవాళ్లు అడగాల్సింది దాని గురించే.