సముద్రపు గుల్లల సాక్ష్యము

గవ్వలను, ఆల్చిప్పలను కాల్చిన సున్నమగునని మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. ఆ గుల్లలలో కాల్షియముతోను, కర్బనముతోను కూడి ఆమ్లజని యున్నది. ఆ ఆమ్లజనిలోనే ఒక ఉష్ణమాపకము దాగియున్నదన్న మనలో పలువురకు విడ్డూరముగా తోచవచ్చును.

ఆమ్లజని పరమాణువులన్నియు ఒకే బరువు గలవి కావు. వానిలో మిక్కిలి హెచ్చుగా నున్నవి 16 ద్రవ్యరాశి గలవి. సుమారు అయిదువందలకు ఒకటి 18 గలది. ప్రాణి గుల్లను కట్టుకొనునప్పుడు నీరు చల్లనిదైనచో బరువు పరమాణువులు కొంచెము హెచ్చుగను, వెచ్చనిదైనచో కొంచెము తక్కువగను అందు చేరును. 1934లో నోబెల్ బహుమానమందిన హెరాల్డ్ యూరీ 1947లో ఈ భేదమును లెక్కగట్టి ప్రకటించెను. ఆ భేదము అత్యల్పము. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు మారినగాని, వేయింట ఒక పాలు తేడా రాదు. అయినను 1951లో యూరీయు, ఆయన సహచరులును జురాసిక్ యుగపు బెలెమ్నైట్ శిలాజము నొకదానిని పొరపొరగా పరీక్షించి, ఆ ప్రాణి బాల్యము గడచిన పిదప మూడు వేసవులను, నాలుగు శీతకాలములను చూచి, వసంతమున మరణించెనని తేల్చిరి. మనవారు ముందునకు జాతకము వ్రాయుదురు. ఇది వెనుకకు వ్రాసిన జాతకము!

అయితే ఇన్ని కోట్ల యేండ్లుగా ఈ సాక్షి మాట మార్చలేదని నమ్ముట యెట్లు? గుల్ల మట్టిలో పూడిన తరువాతను దానికి నీటి స్పర్శ తప్పదు. ఆ నీటిలో అది కణకణముగా కరగుచు, ఆ చోటనే మరల స్ఫటికమగుచుండును. అనేక నత్తగుల్లలు ఆరగోనైట్ అను అస్థిరమైన ఖనిజముతో కట్టినవి. కాలక్రమమున అది కాల్సైట్‌గా మారిపోవును. పైకి ఆకారము చెక్కుచెదరకున్నను, లోపలి ఆమ్లజని మాత్రము క్రొత్త నీటిది కావచ్చును. వాననీటిలో బరువు పరమాణువులు సముద్రజలమునందుకంటె తక్కువ. కావున ఆ నీటిలో మారిన గుల్ల ప్రాచీనసముద్రము ఉన్నదానికంటె వెచ్చనిదని చెప్పును.

సముద్రగర్భమున జరుగు మోసము దీనికి విపరీతము. ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవులలో కొన్ని జాతులు వెచ్చని పైనీటిలో పెరిగి, చనిపోయి, అడుగున మిక్కిలి చల్లని బురదలో పడును. అచ్చట ఆ గుల్లలు మరల స్ఫటికమగునప్పుడు చలినీటి గుర్తులు వానిలో చేరును. క్రెటేషియస్ యుగాంతమునను, ఇయోసీన్ కాలమునను ధ్రువప్రాంతములు చాలవరకు మంచులేక వెచ్చగా నుండెననుటకు సాక్ష్యములు పెక్కు కలవు. గుల్లల లెక్కలు మాత్రము ఉష్ణమండల సముద్రపు పైనీరు 15 మొదలు 23 డిగ్రీలే యనుచుండెను. బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో ఉష్ణమండలమును వేడెక్కునని చెప్పు వాతావరణ గణితమునకు ఇది పెద్ద ఆక్షేపణయై నిలిచెను. నేడు భూమి వేడెక్కుచున్న వేళ ఆ గణితము నమ్మదగినదా కాదా యనుట చిన్న ప్రశ్న కాదు.

2001లో పాల్ పియర్సన్, ఆయన సహచరులు దీనికి సమాధానము చూపిరి. టాంజానియా తీరప్రాంతమున నీరు చొరని బంకమట్టిలో చిక్కిన గుల్లలు గాజువలె నిగనిగలాడుచుండెను. మారిన గుల్లలన్ననో ముగ్గుపిండివలె తెల్లగా, మొద్దుగా నుండును. ఆ గాజుగుల్లలు చెప్పిన ఉష్ణోగ్రత 28 మొదలు 32 డిగ్రీలు, అంతకు తక్కువ కాదు. కావున గణితము తప్పలేదు, తప్పినది సాక్షి.

మారిన గుల్లను పట్టుటకు ఉపాయములు కొన్ని కలవు. మార్పు చెందినదానిలో సాధారణముగా స్ట్రాన్షియము తగ్గి, మాంగనీసు, ఇనుము హెచ్చును. ఎలక్ట్రాన్ కిరణములు పడినప్పుడు మాంగనీసు చేరిన కాల్సైట్ నారింజవన్నెతో వెలుగును. ఇనుము అధికమైనచో ఆ వెలుగు అణగిపోవును గనుక, వెలుగలేదని మాత్రము నిశ్చింతగా నుండరాదు. ఎక్స్-కిరణములతో ఆరగోనైట్ ఇంకను మిగిలియున్నదో లేదో చూడవచ్చును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుల్ల తొలి నిర్మాణమే కంటికి కనబడును. మా దృష్టిలో అన్నిటికంటె నమ్మదగినది ఈ చూపే.

ఇటీవల బరువు కర్బనమును, బరువు ఆమ్లజనియు ఒకే అణువులో ఎంత తరచుగా జతకూడినవో కొలుచు పద్ధతి వచ్చినది. ప్రాచీనజలపు కూర్పు తెలియకున్నను దీనితో ఉష్ణోగ్రత తెలియును. కాని గుల్ల కరగి మరల కట్టినచో ఆ జతలును చెదరును. కరగకున్నను, భూగర్భమున చిరకాలము గట్టిగా వేడెక్కినచో చాలును.