కౌంట్లు సున్నా, ఎక్స్‌రే శుభ్రం

బ్లడ్ క్యాన్సర్ వార్డులో న్యుమోనియా చాలాసార్లు న్యుమోనియాలా కనిపించదు. దగ్గు పెద్దగా ఉండదు, కఫం పడదు, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కూడా ఉండకపోవచ్చు. ఉన్నదల్లా జ్వరం. ఎక్స్‌రే బాగానే ఉందట అని ఇంటివాళ్లు కుదుటపడే వేళకే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతూ ఉండవచ్చు.

మచ్చ ఎందుకు రాదంటే, దాన్ని తెచ్చిపెట్టే కణాలే అప్పుడు ఒంట్లో లేవు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఆరోగ్యవంతుల రక్తంలో మైక్రోలీటరుకు సుమారు 2,000 నుంచి 7,000 దాకా ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి బ్యాక్టీరియా చేరగానే గుంపులుగా వెళ్లి, వాటిని మింగి, అక్కడే చచ్చిపోతాయి. పచ్చటి కఫమైనా, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ అయినా చాలావరకు ఆ పోరాటం మిగిల్చిందే. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కు తొలి విడత కీమోలో 7 రోజులు సైటరబీన్, వాటిలో 3 రోజులు డానోరుబిసిన్ వంటి మందు కూడా ఇస్తారు. అది క్యాన్సర్ కణాలతో పాటు మూలుగలో పుట్టే మంచి కణాలనూ ఊడ్చేస్తుంది. సుమారు 3 వారాల పాటు న్యూట్రోఫిల్ కౌంటు 500 లోపే, ఒక్కోసారి 100 లోపే ఉంటుంది. అప్పుడు ఎక్స్‌రేకు అందని జబ్బును సీటీ స్కాన్ పట్టిస్తుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, కౌంట్లు లేస్తున్నాయని అందరూ సంతోషించే రోజుల్లోనే కొందరికి ఎక్స్‌రే తెల్లబడి ఆయాసం పెరుగుతుంది. కణాలు తిరిగొచ్చి పని మొదలుపెట్టినందువల్ల జరిగేది అది.

మామూలు మనిషిలో యాంటీబయాటిక్ కొంత పని చేస్తే మిగతాది ఒళ్లు చూసుకుంటుంది. ఇక్కడ భారమంతా మందుదే. అందుకే జ్వరం వచ్చిన గంటలోపు మొదటి డోసు పడాలంటారు. రక్తం కల్చర్‌కు తీసుకుంటారు గానీ దాని జవాబు కోసం ఆగరు. ఏ సూక్ష్మజీవో, దేనికి లొంగుతుందో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఇచ్చిన మందు పనిచేయనిదైతే, ఆ రెండు మూడు రోజులే రోగి ప్రాణం మీదికి తెస్తాయి.

క్యాన్సర్ వైద్యమూ యాంటీబయాటిక్సూ జంటగా పెరిగాయన్నది మనం మరిచిపోతున్న సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే అమినోప్టెరిన్ అక్కడ తయారైంది. దానితో ల్యుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా నయమైందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే అదే సంస్థ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. రెండోది తోడు లేకపోతే మొదటి దారిలో ఇంత దూరం రాగలిగేవాళ్లం కాదు.

ఇప్పుడు ఆ తోడే సన్నగిల్లుతోంది. మన దేశంలో ముఖ్యంగా భయపెడుతున్నది క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. ఇది చాలామంది పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. కీమోతో పేగు పొర దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి జారుతుంది, గొంతులో చేరినది నిద్రలో ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దీనిలో కొన్ని రకాలు ఎన్‌డీఎం అనే ఎంజైమును తయారు చేస్తాయి. చివరి అస్త్రంగా దాచుకున్న మెరోపెనెమ్‌ను కూడా అది విరిచేస్తుంది. ఢిల్లీ ఆస్పత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన భారత సంతతి రోగిలో ఈ ఎంజైము 2008లో మొదట బయటపడింది. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం ఢిల్లీలో సేకరించిన 50 కుళాయి నీటి నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51 ఈ ఎంజైము జన్యువును మోస్తున్నాయి. ఒక బ్యాక్టీరియా నుంచి వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఆ జన్యువు పాకగలదు. కాబట్టి వార్డులో చేతులు ఎంత కడిగినా, బయట మురుగు అలాగే ఉంటే సగం పనే జరిగినట్టు.

మందులు బొత్తిగా లేకపోలేదు. అజ్‌ట్రియోనామ్‌ను ఎన్‌డీఎం విరవలేదు. కానీ అదే బ్యాక్టీరియా దగ్గర ఉండే ఇతర ఎంజైములు విరుస్తాయి. వాటిని అవిబాక్టామ్ అడ్డుకుంటుంది. ఈ రెండూ కలిపిన మందుకు 2024లో యూరప్‌లో, 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు నుంచే సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్‌కు అజ్‌ట్రియోనామ్ జోడించి వాడుతున్నారు. ఖరీదు మాత్రం మామూలు కుటుంబాలకు తలకు మించినది. 1950ల నాటి కొలిస్టిన్ ఇంకా చేతిలో ఉంది గానీ అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, నరంలోకి ఎక్కిస్తే ఊపిరితిత్తులకు సరిగా చేరదు. అలాంటి మందును కోళ్ల మేతల్లో కలిపి తినిపించాం. కోళ్లు, చేపల పెంపకంతో పాటు తిండికోసం పెంచే జంతువులన్నిటికీ దాన్ని కేంద్రం నిషేధించింది 2019 జులైలో మాత్రమే. అది చాలా ఆలస్యం.

కీమో తీసుకుని ఇంటికొచ్చినవారి దగ్గర థర్మామీటరు ఉండాలి. ఒక్కసారి 101 డిగ్రీలు చూపించినా, 100.4 గంటసేపు నిలిచినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. వెళ్లేటప్పుడు పాత కల్చర్ రిపోర్టులు వెంట తీసుకెళ్లాలి. మందుల పేర్ల పక్కన ‘ఆర్’ అని ఉంటే ఆ మందుకు ఆ సూక్ష్మజీవి లొంగలేదని అర్థం. డ్యూటీలో ఉన్న డాక్టరు ఆ గంటలో ఏ మందు మొదలుపెట్టాలో ఆ కాగితం చూసి మార్చుకోవచ్చు.